డబ్ల్యూటీవో ఉండగా మళ్లీ ఒక్కో దేశంతో విడి ఒప్పందం ఎందుకు? విశాఖ కస్టమ్స్ బ్రోకర్ జవాబు

మీ ప్రశ్నను కాస్త కుదించి ఇక్కడ పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. "గ్రూప్‌-1కి చదువుకుంటున్నాను. ద్వైపాక్షికం అంటే ఇద్దరి మధ్య, బహుపాక్షికం అంటే చాలామంది మధ్య అని పుస్తకంలో ఉంది. మరి 166 దేశాలున్న ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) ఉండగా యూఏఈతో ఒకటి, ఆస్ట్రేలియాతో ఒకటి, బ్రిటన్‌తో ఒకటి ఎందుకు? వీటిలో మనకు ఏది మేలు? నాన్నకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టు అమెరికా సుంకం దెబ్బ నుంచి ఇంట్లో ఇదే చర్చ."

నేను ప్రొఫెసర్‌ని కాను. విశాఖలో కస్టమ్స్ బ్రోకర్‌ని. ఇరవై ఏళ్లు దాటింది, వెళ్లే రొయ్యకు షిప్పింగ్ బిల్లు, వచ్చే నూనెకు, యంత్రాలకు బిల్ ఆఫ్ ఎంట్రీ రాయడమే పని. కాబట్టి ఈ ఒప్పందాలు నాకు కౌంటర్ దగ్గర ఎలా కనిపిస్తాయో అలాగే చెప్తాను.

సూటిగా జవాబు: సుంకం త్వరగా, బాగా తగ్గాలంటే ద్వైపాక్షికం. పెద్ద దేశం చిన్న దేశం మీద ఇష్టారాజ్యం చేయకుండా ఆపాలన్నా, సబ్సిడీలకు కళ్లెం వేయాలన్నా బహుపాక్షికం. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. 2025 ఆగస్టులో మన రొయ్యకు తగిలింది రెండువైపుల దెబ్బ. అప్పటికి అమెరికాతో మనకు విడి వాణిజ్య ఒప్పందం లేదు. ఉన్న బహుపాక్షిక వ్యవస్థలో తుది తీర్పు చెప్పే అంపైర్ లేడు.

ఇప్పుడు వివరంగా.

డబ్ల్యూటీవోకు తల్లి అయిన గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) 1947 నాటిది. 23 దేశాలు మొదలుపెట్టాయి, అందులో మనమూ ఉన్నాం. దాని మొదటి అధికరణమే అసలు గుండెకాయ: ఒక సభ్య దేశానికి సుంకం తగ్గిస్తే మిగతా సభ్యులందరికీ అదే రేటు ఇవ్వాలి. దీన్ని 'అత్యంత అనుకూల దేశం' హోదా అంటారు. ఈ పేరు చూసి చాలామంది బోల్తా పడతారు. అదేదో ముద్దుబిడ్డకు ఇచ్చే ప్రత్యేక మర్యాద అనుకుంటారు. నిజానికి అది అందరికీ ఒకే బంతిలో భోజనం. మనం 1996లో పాకిస్తాన్‌కు ఇచ్చి, పుల్వామా తర్వాత 2019 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నది ఈ హోదానే. తీసేయగానే అక్కడి సరుకు మీద సుంకం 200 శాతం అయింది. బంతిలోంచి లేపేయడం అంటే అలా ఉంటుంది.

దీన్ని రొయ్య మీద పెట్టి చూడండి. ఫ్రోజెన్ రొయ్య మీద అమెరికా మామూలు సుంకం సున్నా. మనకైనా సున్నా, ఈక్వెడార్‌కైనా సున్నా, వియత్నాంకైనా సున్నా. ఆ సున్నా కోసం మన ఎగుమతిదారు 'నేను ఫలానా ఒప్పందం కిందికి వస్తాను' అని రుజువు చేసుకోనక్కర్లేదు, ప్రత్యేక సర్టిఫికెట్ తీసుకోనక్కర్లేదు. బహుపాక్షికం గొప్పతనం ఇదే. అది పని చేస్తున్నప్పుడు ఉన్నట్టే తెలియదు.

2025 ఆగస్టులో ఏమైంది? అమెరికా తన అత్యవసర అధికారాల చట్టాన్ని బయటికి తీసి దేశానికో రేటు పెట్టింది. ఈక్వెడార్‌కు 15 శాతం, ఇండోనేషియాకు 19, వియత్నాంకు 20. మనకు ఆగస్టు 7న 25, రష్యా చమురు పేరుతో ఆగస్టు 27న ఇంకో 25, కలిపి 50. యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీకి విరుగుడుగా వేసేది) సుంకాలు వీటికి అదనం. అదే రొయ్య, అదే కౌంట్, అదే ఫ్రీజింగ్. నాలుగు దేశాలకు నాలుగు రేట్లు. పరీక్షలో 'అత్యంత అనుకూల దేశం' సూత్రాన్ని ఉదాహరణతో వివరించమంటే, దాన్ని తిరగేసి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సరే, అందరికీ ఒకటే రేటు అన్నాక విడి ఒప్పందాలు ఎలా కుదురుతున్నాయి? గాట్ 24వ అధికరణంలో ఒక తలుపు పెట్టారు. రెండు దేశాలు (లేదా కొన్ని దేశాల గుంపు) తమ మధ్య వ్యాపారంలో దాదాపు అంతటి మీదా సుంకాలు తీసేసుకుంటే ఆ రాయితీని మిగతావాళ్లకు ఇవ్వనక్కర్లేదు. వర్ధమాన దేశాలకు 1979 నుంచి ఇంకాస్త వదులైన నియమం ఉంది. ఆ తలుపులోంచే ఇవన్నీ వస్తున్నాయి. అంటే విడి ఒప్పందం డబ్ల్యూటీవోకు బయట పుట్టినది కాదు, దాని అనుమతితోనే నడుస్తుంది. మెయిన్స్‌లో ఈ ఒక్క ముక్క రాసినా దిద్దేవాళ్ల కన్ను ఆగుతుంది.

ఆ తలుపు దగ్గర రద్దీ పెరగడానికి కారణం మామూలుదే. 166 మంది ఒక మాట మీదికి రావాలి. దోహా చర్చలు 2001లో మొదలయ్యాయి, ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. యూఏఈతో మనం మాట్లాడటం మొదలుపెట్టి 88 రోజుల్లో ముగించాం. 2022 ఫిబ్రవరి 18న సంతకాలు, మే 1 నుంచి అమలు. ఇద్దరు కూర్చుంటే ఎవరికి ఏం కావాలో, ఏది ముట్టుకోకూడదో మొదటి వారంలోనే తేలిపోతుంది.

ఇక్కడిదాకా పుస్తకాల్లోనూ దొరుకుతుంది. పుస్తకంలో దొరకని సంగతి ఒకటి చెప్తాను.

విడి ఒప్పందంలో రాయితీ సరుకుకు రాదు, కాగితానికి వస్తుంది. మామూలు రేటు కట్టేవాణ్ని ఎవరూ పెద్దగా అడగరు. రాయితీ రేటు అడిగినవాడు మాత్రం 'ఈ వస్తువు నిజంగా ఆ దేశంలోనే పుట్టింది' అని నిరూపించుకోవాలి. దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, దాని వెనక ఒక్కో ఒప్పందానికి ఒక్కో లెక్క. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందంలో మామూలుగా 35 శాతం విలువ ఆ ప్రాంతంలోనే చేరాలి, పైగా ముడిసరుకు కస్టమ్స్ కోడ్‌కు (సరుకును గుర్తించే నంబరు), తయారైన వస్తువు కోడ్‌కు తేడా ఉండాలి. జపాన్ ఒప్పందంలో లెక్క వేరు, యూఏఈది వేరు.

నా దగ్గర జరిగిందే చెప్తాను. హైదరాబాద్‌లో ఒక పార్టీ ఆసియాన్ దేశం ఒకదాని నుంచి పంపు విడిభాగాలు తెప్పించేవారు. మామూలు డ్యూటీ ఏడున్నర శాతం, ఒప్పందం కింద సున్నా. రెండేళ్లు హాయిగా నడిచింది. ఒక కన్‌సైన్‌మెంట్‌లో అక్కడివాళ్లు సర్టిఫికెట్ మీద విడిభాగాల కోడ్ బదులు పూర్తి పంపు కోడ్ వేసి పంపారు. ఒక్క పొరపాటు. దాంతో ఆఫీసర్ గారికి మొత్తం మీద అనుమానం వచ్చింది. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల ప్రకారం, వస్తువు ఎక్కడ ఎలా తయారైందో ఆ వివరం దిగుమతిదారు దగ్గరే ఉండాలి, ఐదేళ్లు దాచాలి కూడా. 'సర్టిఫికెట్ ఉంది కదండీ' అంటే సరిపోదు. సరుకు సప్లయర్‌ని అడిగాం: ఎంత ముడిసరుకు ఎక్కడిది, ఎంత విలువ మీ దగ్గర చేరింది? అతను రాసిన జవాబు ఒక్క లైను: మా ధరల గుట్టు కొనేవాళ్లకు చెప్పం. అతనిదీ తప్పు అనలేం, ఏ వ్యాపారస్తుడు చెప్తాడు? మా పార్టీ చివరికి ఆ ఒక్కదానికే కాదు, పాత కన్‌సైన్‌మెంట్లకు కూడా వడ్డీతో డ్యూటీ కట్టారు. ఆ తర్వాత ఆయన నాతో అన్న మాట గుర్తుంది: "ఏడున్నర శాతం కట్టి నిద్రపోతానండీ, ఆ సున్నా నాకొద్దు."

చిన్న వ్యాపారుల్లో ఆ మాట అనేవాళ్లు చాలామందే. పత్రికల్లో 'సుంకం సున్నా' అని హెడ్డింగ్ చూసినప్పుడల్లా, ఆ సున్నాను ఎంతమంది వాడుకోగలరు అనేది విడిగా ఆలోచించాలి.

ఈ కాగితాల బాధ ఊరికే పెట్టలేదు లెండి. శ్రీలంకతో మన ఒప్పందం 2000 నుంచి అమల్లో ఉంది. కొన్నాళ్లకే అక్కడి నుంచి వనస్పతి ముంచెత్తింది. శ్రీలంకలో పామాయిల్ ఎక్కడ పండుతుంది అంత? మలేషియా, ఇండోనేషియాల నుంచి తెచ్చి, అక్కడ డాల్డా చేసి, మనకు సుంకం లేకుండా పంపారు. ఇద్దరి మధ్య తలుపు తెరిస్తే మూడోవాడు ఆ తలుపులోంచే లోపలికొస్తాడు. అందుకే ఈ రుజువుల గొడవ.

పామాయిల్ మాట వచ్చింది కాబట్టి మన వాకిట్లోనే జరిగిన ఇంకో కథ. ఇందులో రెండు ఒప్పందాలు ఒకదాన్నొకటి ఎలా తొక్కుతాయో కనిపిస్తుంది. ఆసియాన్‌తో మన సరుకుల ఒప్పందం 2010 నుంచి ఉంది. మలేషియా ఆసియాన్‌లో సభ్యురాలే. అయినా మలేషియాతో 2011లో ఇంకో విడి ఒప్పందం చేసుకున్నాం. రెండింటిలోనూ పామాయిల్ సుంకం ఏటేటా మెట్లు దిగాలి, కానీ మెట్లు ఒకేలా లేవు. 2019 జనవరి 1న ఏమైందంటే, శుద్ధి చేసిన పామాయిల్ ఇండోనేషియా నుంచి వస్తే 50 శాతం, మలేషియా నుంచి వస్తే 45. ముడి నూనె మీద ఇద్దరికీ 40.

ఐదు శాతమే కదా అనిపిస్తుంది. కాకినాడ రేవులో నూనె ట్యాంకులు, చుట్టుపక్కల రిఫైనరీలు మీరు చూసే ఉంటారు. ఆ రిఫైనరీ బతికేది ముడి నూనెకు, శుద్ధి చేసిన నూనెకు మధ్య ఉన్న సుంకం తేడా మీద. ఆ తేడా పది నుంచి ఐదుకు పడితే, ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేయడం కన్నా మలేషియాలో శుద్ధి అయిన నూనె తెచ్చి నేరుగా ప్యాకెట్లో పోయడం లాభం. ఆ ఏడాది మలేషియా రిఫైన్డ్ నూనె పోటెత్తింది. ఇక్కడి రిఫైనరీలు గగ్గోలు పెట్టాయి. సెప్టెంబరులో కేంద్రం మలేషియా సరుకు మీద ఆరు నెలల పాటు అదనంగా 5 శాతం రక్షణ సుంకం వేసి మళ్లీ సమానం చేసింది. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు పామాయిల్ తోటలవాళ్లకు కూడా గెల రేటు రూపంలో ఈ ప్రపంచం సెగ తగులుతుంది. వాళ్లలో చాలామందికి మలేషియాతో మనకో విడి ఒప్పందం ఉందని కూడా తెలియదు.

ఒక్కో ఒప్పందం విడిగా చూస్తే ముచ్చటగా ఉంటుంది. పది పక్కపక్కన పెడితే ఒకే సీసా నూనెకు పది రేట్లు.

ఇక బలం సంగతి. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది, తట్టుకోండి.

ఇద్దరు కూర్చున్న బల్ల దగ్గర పెద్దవాడిదే మాట. 166 మంది కూర్చున్న చోట పెద్దవాడి మాటకు బలం లేదని కాదు, కానీ చిన్నవాళ్లు నలుగురు కలవొచ్చు. రొయ్యల చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. సముద్ర తాబేళ్లు చిక్కకుండా వలలకు ప్రత్యేక పరికరం పెట్టని దేశాల రొయ్యను అమెరికా నిషేధిస్తే, మనం, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి డబ్ల్యూటీవోకు వెళ్లాం. అవును, మనమూ పాకిస్తానూ ఒకే పిటిషన్‌లో. 1998లో తీర్పు వచ్చింది: తాబేళ్లను కాపాడటం న్యాయమే, కానీ దేశానికో తీరుగా వివక్షతో అమలు చేయడం అన్యాయం.

రెండో కేసు నా కళ్లముందు నడిచింది. 2005 ఫిబ్రవరిలో అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది, చాలా కంపెనీలకు సుమారు 10 శాతం. దాంతో ఆగలేదు. ముందటి పన్నెండు నెలల దిగుమతి విలువ మీద ఆ సుంకం ఎంతవుతుందో అంతకూ బాండు కట్టమంది. రొయ్యకు మాత్రమే. అంటే సుంకం డబ్బు ఒకసారి కట్టాలి, మళ్లీ అంత మొత్తానికి హామీ. మా క్లయింట్ ఒకరు అమెరికాలో తామే దిగుమతిదారుగా సరుకు దించుకునేవారు. ఆ బాండుకు బ్యాంకు అడిగిన పూచీకత్తు కోసం ఆయన ప్రాసెసింగ్ ప్లాంట్ పత్రాలతో పాటు ఇంటి పత్రాలు కూడా తాకట్టు పెట్టారు. మా ఆఫీసులో కూర్చుని ఆ కాగితాలకు జిరాక్సులు తీయించుకున్నారు, నాకు బాగా గుర్తు. అప్పట్లో నేను జూనియర్‌ని, జిరాక్సుకు పరిగెత్తింది నేనే.

మన దేశం 2006లో దీని మీద డబ్ల్యూటీవోలో కేసు వేసింది, థాయిలాండ్ కూడా వేసింది. 2008 జులైలో అప్పిలేట్ బాడీ (డబ్ల్యూటీవోలో అప్పీళ్లు వినే తుది మెట్టు) మన పక్షాన తీర్పిచ్చింది, ఆ బాండు సహేతుకం కాదని. 2009లో అమెరికా దాన్ని ఎత్తేసింది. యాంటీ డంపింగ్ సుంకం పోలేదు, అది వేరే సంగతి. కానీ ఆలోచించండి, భీమవరం రొయ్య కోసం అమెరికా తన నిబంధన ఒకటి మార్చుకుంది. ఇద్దరి మధ్య చర్చల్లో మనం ఏం ఇచ్చి ఆ పని చేయించుకునేవాళ్లం? బాదంపప్పు మీద సుంకం తగ్గిస్తామనాలి, లేకపోతే కోడి కాళ్లు రానిస్తామనాలి.

మరి 2025లో మళ్లీ ఎందుకు వెళ్లి గెలవలేదు అని మీరు అడుగుతారు. అప్పిలేట్ బాడీ 2019 డిసెంబరు నుంచి పని చేయడం లేదు. అందులో కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా ఒప్పుకోకుండా ఆపేస్తూ వచ్చింది, ఉన్నవాళ్ల కాలం అయిపోయింది. ఇప్పుడు కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీలుకు వెళ్తే చాలు, వినేవాడు లేడు కాబట్టి తీర్పు అక్కడే ఆగిపోతుంది. అమెరికాను తిట్టి ఊరుకుంటే నిజాయితీ కాదు. మనమూ అదే పని చేశాం. చెరకు, చక్కెర సబ్సిడీల మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన కేసులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్తే, 2022 జనవరిలో ఆ ఖాళీ కోర్టుకే అప్పీలు చేశాం. మొబైల్ ఫోన్ల వంటి వస్తువుల సుంకాల కేసుల్లోనూ అంతే.

కోడి కాళ్ల మాట సరదాకు అనలేదు. బర్డ్ ఫ్లూ పేరుతో అమెరికా కోడిమాంసాన్ని మనం ఆపితే వాళ్లు డబ్ల్యూటీవోకు వెళ్లి 2015లో గెలిచారు. మన కోళ్ల రైతులు ఏళ్ల తరబడి భయపడింది ఆ లెగ్ పీసుల గురించే. వాళ్లు రొమ్ము మాంసం తిని, కాళ్లను చవగ్గా మన మీదికి తోస్తారని. చివరికి ఆ కేసు తీర్పుతో ముగియలేదు, 2023లో ఇద్దరూ కూర్చుని రాజీ పడ్డారు. అదే ఏడాది జూన్‌లో ఇంకో ఆరు కేసులు కూడా అలాగే మూసేశారు. మనం బాదం, ఆపిల్, అక్రోటు, శనగల మీద వేసిన ప్రతీకార సుంకాలు తీసేశాం. కోర్టు మూతపడ్డ ఊళ్లో పంచాయితీలు అరుగుల మీదే కదా తేలేది.

ఇప్పుడు సబ్సిడీలు. గ్రూప్స్ అభ్యర్థులు దాదాపు అందరూ వదిలేసే అంశం ఇదే, కాబట్టి కాస్త ఆగి చదవండి.

సుంకాన్ని ఒక్క దేశానికి తగ్గించవచ్చు. సబ్సిడీని ఒక్క దేశం కోసం తగ్గించడం కుదరదు. అమెరికా తన పత్తి రైతుకు ఇచ్చే డబ్బు తగ్గిస్తే ప్రపంచ ధర పెరుగుతుంది, ఆ లాభం ఆదిలాబాద్ రైతుకూ వస్తుంది, బ్రెజిల్ రైతుకూ వస్తుంది, మాలీ రైతుకూ వస్తుంది. అలాంటప్పుడు ఏ ఒక్క దేశంతోనో ఒప్పందంలో అమెరికా దాన్ని ఎందుకు వదులుకుంటుంది? అందుకే ఏ ద్వైపాక్షిక ఒప్పందం తిరగేసినా వ్యవసాయ సబ్సిడీల కోత దాదాపు కనిపించదు. అది తేలాలంటే అందరూ ఉన్న చోటే.

బ్రెజిల్ పత్తి కేసు చూడండి. 2002లో వేసింది, గెలిచింది, ప్రతీకారం తీర్చుకునే హక్కు కూడా సంపాదించింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి సంస్థకు ఇచ్చి కేసు ముగించింది. అదే పత్తి మీద గోల పెట్టిన ఆఫ్రికా దేశాలకు ఆ డబ్బులో వాటా లేదు. మన వరంగల్, గుంటూరు రైతుకూ లేదు. అందరి చోట గెలిచిన కేసును ఇద్దరి మధ్య రాజీగా మారిస్తే మూడోవాడికి మిగిలేది ఇంతే.

మన ధాన్యం కొనుగోళ్ల సంగతి కూడా ఇక్కడిదే. మద్దతు ధరకు కొని నిల్వ చేయడం డబ్ల్యూటీవో లెక్కలో సబ్సిడీ కిందికి వస్తుంది. దానికి పరిమితి ఉత్పత్తి విలువలో 10 శాతం, పైగా ఆ సబ్సిడీని కొలిచేది 1986-88 నాటి ధరలతో. దాదాపు నలభై ఏళ్ల కిందటి ధరతో పోలిస్తే ఇవాళ్టి మద్దతు ధర అంతా సబ్సిడీలాగే కనిపిస్తుంది మరి. 2013లో బాలిలో 'శాంతి నిబంధన' అని ఒకటి సాధించుకున్నాం: పరిమితి దాటినా, షరతులు పాటిస్తే, కేసు వేయరు. 2018-19 బియ్యానికి ఆ నిబంధనను మొదటిసారి వాడుకున్న దేశం మనదే. మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్ల వరస వెనక ఇంత కథ ఉంది. దీనికి శాశ్వత పరిష్కారం ఏ యూఏఈతోనో, బ్రిటన్‌తోనో కుదరదు.

ఇంకో హెచ్చరిక. సుంకం సున్నా అయినంత మాత్రాన సరుకు లోపలికి పోదు. జపాన్‌తో మన ఒప్పందం 2011 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2012లో, జపాన్ వాళ్లు మన రొయ్యలో ఎథాక్సీక్విన్ వెతకడం మొదలుపెట్టారు. మేతలో కలిపే చేపపొడి పాడవకుండా వేసే రసాయనం అది. వాళ్ల పరిమితి 0.01 పీపీఎం, అంటే పది కోట్ల పాళ్లలో ఒక్క పాలు. మా పార్టీ కంటైనర్లు రెండు అక్కడి రేవులో కరెంటు ప్లగ్గు తగిలించుకుని రిపోర్టు కోసం కూర్చున్నాయి. రోజుకింత అని ప్లగ్గు చార్జీ, రోజుకింత డెమరేజ్. సుంకంలో మిగిలిన శాతం ఎంతో, ఆ వారం పోయింది ఎంతో లెక్క వేస్తే నవ్వొచ్చేది, మన డబ్బు కాకపోతే. ఆ ద్వైపాక్షిక ఒప్పందం ఆ వారం మాకు ఎందుకూ పనికిరాలేదు. మన ప్రభుత్వం డబ్ల్యూటీవో ఆహార భద్రత కమిటీలో కూడా ఆ విషయం లేవనెత్తింది. 2014లో జపాన్ పరిమితిని 0.2 పీపీఎంకు పెంచింది, అప్పుడు ఊపిరాడింది.

మీరు అడగకపోయినా పరీక్షకు పనికొచ్చే చిన్న ముక్కలు రెండు.

ఆసియాన్, ఆర్‌సెప్ (చైనా కూడా ఉన్న ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) లాంటివి ఏ గడిలో రాయాలి? అవి రెండూ కాని ప్రాంతీయ ఒప్పందాలు. కొద్దిమంది మధ్య నడుస్తాయి, బయటివాళ్లకు రాయితీ ఉండదు. ఆర్‌సెప్ నుంచి మనం 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో బయటికొచ్చేశాం, ముఖ్యంగా చైనా సరుకు భయంతో, పాల రైతుల ఆందోళనతో. మంచిదా చెడ్డదా అంటే, పాల విషయంలో సరైన పనే అంటాను. మిగతా వాటిలో నాకింకా అనుమానమే.

రెండోది వాణిజ్యం కాదు గానీ, మన ఇళ్లకు దగ్గరది. ఆదాయపు పన్ను ఒప్పందాలు దాదాపు అన్నీ ద్వైపాక్షికమే. అమెరికాతో మన పన్ను ఒప్పందం 1989 నాటిది. అందులో 21వ అధికరణం వల్ల అక్కడ చదువుకునే మన విద్యార్థి రిటర్ను వేసేటప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. పక్క బెంచీలోని చైనా విద్యార్థికి ఆ వీలు లేదు, వాళ్ల ఒప్పందంలో రాయితీ వేరే రకం. కానీ ఇలాంటి ఒప్పందాలు వేలల్లో అయిపోయి, వాటి సందుల్లోంచి కంపెనీలు పన్ను ఎగ్గొడుతుంటే, అన్నింటినీ ఒకేసారి సవరించే బహుపాక్షిక పత్రం ఒకటి తెచ్చారు. మనం 2017లో సంతకం పెట్టాం, 2019 అక్టోబరు 1 నుంచి మనకు అమల్లో ఉంది. అమెరికా పెట్టలేదు. ద్వైపాక్షికాలను బాగు చేయడానికి బహుపాక్షికం, మంచి ఉదాహరణ, రాసుకోండి.

ఇక మీ నాన్నగారి చెరువుల విషయం. బ్రిటన్‌తో ఒప్పందం మీద 2025 జులై 24న సంతకాలయ్యాయి. రొయ్య మీద అక్కడ ఉన్న 4.2 నుంచి 8.5 శాతం దాకా సుంకం దాని కింద పోతుంది. ఐతే సంతకం తేదీ చూసి ధర పెరుగుతుందని లెక్క వేయకండి. సంతకానికి, అమలుకు మధ్య ఎంత కాలమైనా పట్టొచ్చు. ఆస్ట్రేలియాకు తొమ్మిది నెలలు పట్టింది, స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా ఒప్పందానికి 2024 మార్చి నుంచి 2025 అక్టోబరు దాకా ఏడాదిన్నర పైనే. పైగా బ్రిటన్ అమెరికా అంత పెద్ద కొనుగోలుదారు కాదు.

యూరప్ మార్కెట్ పెద్దది. వియత్నాం 2020 నుంచే అక్కడ విడి ఒప్పందంతో ఉంది, మనం వెనకబడ్డాం. కానీ అక్కడ సుంకం కన్నా ముందు అడ్డుపడేది ల్యాబు. 2016 నుంచి మన చెరువు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగానికి యాంటీబయాటిక్స్ పరీక్ష చేయాలని పెట్టారు, అంతకు ముందు పదింటికి ఒకటి చేసేవారు. కాబట్టి నాన్నగారిని ఒక పని అడగండి. ఏ చెరువులో ఏ రోజు ఏ మేత, ఏ మందు వేశారో రాసే పుస్తకం ఉందా, అది మేత షాపువాడి బిల్లులతో సరిపోతుందా? ప్లాంటువాళ్లు యూరప్ ఆర్డరుకు సరుకు ఏరేటప్పుడు మొదట అడిగేది ఆ పుస్తకమే. లేకపోతే ఈ పంట నుంచే మొదలుపెట్టమనండి, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ సరిపోతుంది.